ఆకును బంగారమన్న నేల

ఫెంగ్‌షుయ్ ఆకుపచ్చను ఎదుగుదలకు గుర్తుగా చెబుతుంది. వాన కోసం ఎదురుచూసే నల్లగొండ, పాలమూరు ఊళ్లకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. ఇంటికి పచ్చరంగు ఎక్కడ పెట్టాలి, ఎలాంటిది పెట్టాలి, ఎందుకు పెట్టాలి అన్న ప్రశ్నలకు చైనా శాస్త్రమూ మన పల్లెల అలవాటూ కలిసే చోట జవాబులున్నాయి.

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఈమధ్య గృహప్రవేశం జరిగిన ఇంటికి వెళ్తే ఆకుపచ్చ మూడు రూపాల్లో కనిపిస్తుంది. దర్వాజకు మామిడాకుల తోరణం. హాల్లో టీవీ పక్కన, గాజు గిన్నెలో ఎర్ర రిబ్బను కట్టిన లక్కీ బాంబూ. బాల్కనీ గోడకు ప్లాస్టిక్ ఆకుల మ్యాట్. మొదటిది తాతల నాటి అలవాటు. రెండోది ఫెంగ్‌షుయ్ పేరుతో గిఫ్టు షాపుల నుంచి వచ్చింది. మూడోది ఇంటీరియర్ పని చేసినవాళ్ల సలహా. వారం తిరిగేసరికి తోరణం ఎండిపోతుంది. నీళ్లు మార్చకపోతే లక్కీ బాంబూ పసుపుబారుతుంది. ప్లాస్టిక్ ఆకులు మాత్రం దుమ్ము పట్టి అలాగే ఉంటాయి.

ఖర్చు లెక్క చూసుకుని చాలామంది మూడోదే మేలనుకుంటారు. కానీ ఇంటికి కళ తెచ్చేది వాడిపోయే పచ్చదనమే. అది రోజూ మనిషి చెయ్యి అడుగుతుంది, నీళ్లు అడుగుతుంది, వాడితే మార్చమంటుంది. ఫెంగ్‌షుయ్ మూలసూత్రాన్ని విప్పి చూసినా, దక్షిణ తెలంగాణ పండుగలను దగ్గరగా చూసినా తేలేది ఈ ఒక్క మాటే.

ఈ నేలలో పచ్చదనం ఊరికే దొరికేది కాదు. ఉమ్మడి పాలమూరు జిల్లాకు ఏడాదికి సగటున సుమారు 600 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఉమ్మడి నల్లగొండకు సుమారు 750. ఎర్ర చెల్కలు, బండరాళ్ల గుట్టలు, ఎండాకాలానికి అడుగంటే బోర్లు. నల్లగొండ బత్తాయి రైతులు కరువు సంవత్సరాల్లో ట్యాంకర్లతో నీళ్లు కొని తోటలను బతికించుకున్నారు. పాలమూరు కూలీలు దేశంలోని ఎన్నో ప్రాజెక్టులకు మట్టి మోశారు. ముంబయి, పుణె బాట పట్టిన కుటుంబాల ఇండ్లకు నెలల తరబడి తాళాలు వేలాడేవి. తాళం పడిన ఇంటి ముందు తులసి గద్దె ఎండిపోతుంది. పచ్చగా ఉన్న తులసిని చూస్తే ఆ ఇంట్లో మనుషులున్నారని, బిందెడు నీళ్లు దొరుకుతున్నాయని అర్థమయ్యేది. ఇక్కడ ఆకుపచ్చకున్న మొదటి అర్థం ఇదే.

ఐదింటిలో ప్రాణమున్నది ఒక్కటే

ఫెంగ్‌షుయ్ రంగుల లెక్కంతా చైనా వారి ఐదు తత్వాల మీద నిలబడి ఉంది. చెట్టు, నిప్పు, మట్టి, లోహం, నీరు. నీరు చెట్టును పెంచుతుంది, చెట్టు నిప్పుకు ఆహారమవుతుంది, నిప్పు బూడిదై మట్టిలో కలుస్తుంది, మట్టి లోహాన్ని కంటుంది, లోహం నీటిని పుట్టిస్తుంది. ఆకుపచ్చ చెట్టు తత్వానికి చెందిన రంగు. దాని కాలం వసంతం, దాని దిక్కు తూర్పు, కాపలా ఉండేది పచ్చని డ్రాగన్. తూర్పు కుటుంబానికీ ఆరోగ్యానికీ, ఆగ్నేయం సంపదకూ చెందుతాయని చెప్పి ఆ రెండు మూలల్లో ఆకుపచ్చ వాడమంటారు.

మన పంచభూతాల్లో నేల, నీరు, నిప్పు, గాలి, ఆకాశం ఉన్నాయి గానీ చెట్టు లేదు. చైనా వాళ్లు చెట్టునే ఒక తత్వంగా లెక్కపెట్టారు. వారి ఐదింటిలో ప్రాణంతో ఎదిగేది అదొక్కటే. అందుకే ఫెంగ్‌షుయ్‌లో ఆకుపచ్చ అంటే చిగురు వేయడం, కొమ్మ సాగడం, కొత్తది మొదలవడం. బీజింగ్‌లో 1406 నుంచి 1420 వరకు కట్టిన రాజప్రాసాదంలో చక్రవర్తి ఉండే భవనాలకు పసుపు పెంకులు వేస్తే, రాకుమారులు ఉండే తూర్పు భాగపు ఇండ్లకు ఆకుపచ్చ పెంకులు వేశారు. ఎదుగుతున్న పిల్లలకు ఎదిగే రంగు అన్నమాట.

ఈ తర్కం ప్రకారం చూస్తే ప్లాస్టిక్ ఆకు చెట్టు తత్వం కిందికి రాదు. ఎండిన మొక్కను వెంటనే ఇంట్లోంచి తీసేయమని ఫెంగ్‌షుయ్ గట్టిగా చెబుతుంది. ఎదగని పచ్చకు ఆ లెక్కలో విలువే లేదు. మన ఇండ్లలో ప్లాస్టిక్ తోరణం కింద ఫెంగ్‌షుయ్ గంటలు వేలాడదీస్తున్నామంటే రెండు సంప్రదాయాల్లో ఒక్కదాన్నీ పాటించనట్టే.

దిక్కుల తగవు

ఇల్లు కట్టుకునేవాళ్లను బాగా తికమక పెట్టే సంగతి ఇంకొకటి ఉంది. ఫెంగ్‌షుయ్ ఆగ్నేయాన్ని చెట్టుకు, సంపదకు ఇచ్చింది. మన వాస్తు ఆగ్నేయాన్ని అగ్నికిచ్చి అక్కడ వంటిల్లు పెట్టమంది. జ్యోతిషంలో ఆకుపచ్చ బుధుడి రంగు. ఆయన రత్నం పచ్చ, ధాన్యం పెసలు, దిక్కు ఉత్తరం. ఉత్తరం కుబేరుడి దిక్కు కూడా. ఫెంగ్‌షుయ్‌లో ఉత్తరం నీటిది. దీనికి తోడు లిన్ యున్ అనే గురువు 1980ల్లో అమెరికాలో ప్రచారం చేసిన పద్ధతిలో దిక్సూచితో పనే లేదు. గుమ్మంలో నిలబడితే ఎదురుగా ఎడమవైపు చివరి మూల సంపద మూల అవుతుంది. ఒక దుకాణంలో ఒక మాట, ఇంకో దుకాణంలో ఇంకో మాట వినిపించడానికి కారణమిదే.

ఈ తగవు తేలాలంటే నేలను చూడాలి. ఫెంగ్‌షుయ్‌కి మూలగ్రంథంగా చెప్పే ‘జాంగ్ షూ’ను క్రీ.శ. 276–324 మధ్య జీవించిన గువో పు రాశాడని అంటారు. గాలి చెదరగొట్టకుండా, నీరు నిలిపి ఉంచేలా చోటు ఎంచుకోవాలన్నదే దాని సారం. ఉత్తర చైనాలో చలిగాలి ఉత్తరం నుంచి కోస్తుంది. అందుకే ఇంటి వెనుక ఉత్తరాన కొండ, ముందు దక్షిణాన ఎండ కోరుకున్నారు. మనకు బాధ పెట్టేది చలి కాదు. ఎండాకాలం మధ్యాహ్నం దాటాక పడమటి గోడ కాగి రాత్రి దాకా సెగ కక్కుతుంది. దక్షిణ, పడమర దిక్కుల్లో ఎత్తైన చెట్లు, తూర్పు, ఉత్తరాల్లో ఖాళీ వదలమని వాస్తు చెప్పిన మాట ఇక్కడి ఎండకు సరిగ్గా సరిపోతుంది. చైనా మట్టిలో పుట్టిన దిక్కుల పటాన్ని మనం అప్పు తెచ్చుకోనక్కర్లేదు. గాలినీ నీటినీ చూసి నిర్ణయించు అన్న వాళ్ల పద్ధతిని తీసుకుంటే చాలు. ఆ పద్ధతి ప్రకారం పాలమూరు ఇంటికి మొదటి పచ్చదనం పడమటి గోడ అవతల నిలబడ్డ వేపచెట్టు.

వంటిల్లు విషయంలో మాత్రం రెండు శాస్త్రాలూ కలిసిపోతాయి. చెట్టు నిప్పును పెంచుతుందని ఫెంగ్‌షుయ్ లెక్క. ఆగ్నేయంలోని వంటింటి కిటికీలో పుదీన, కొత్తిమీర కుండీలు, బయట కరివేపాకు చెట్టు పెట్టుకుంటే ఇద్దరి మాటా చెల్లుతుంది, కూరకూ రుచి వస్తుంది.

తండాలో తొమ్మిది రోజులు

ఆకుపచ్చను పెంచి, అలంకరించి, పూజించి, నీటిలో కలిపే పూర్తి చక్రాన్ని చూడాలంటే శ్రావణమాసంలో దేవరకొండ, చందంపేట, అచ్చంపేట, కల్వకుర్తి వైపు లంబాడా తండాలకు వెళ్లాలి. తీజ్ పండుగ తొమ్మిది రోజులు జరుగుతుంది. పెండ్లికాని ఆడపిల్లలు అల్లిన బుట్టల్లో పుట్టమన్ను, మేకల ఎరువు కలిపి నింపుతారు. నానబెట్టిన గోధుమలు అందులో చల్లుతారు. బుట్టలన్నీ ఒకచోట ఎత్తుగా పెట్టి, రోజూ పాటలు పాడుతూ నీళ్లు పోస్తారు. ఎండ తగలకుండా, నీళ్లు తప్పకుండా చూసుకునే బాధ్యత ఆ పిల్లలదే. మొలక ఎంత ఒత్తుగా, ఎంత ఏపుగా వస్తే తండాకు అంత మంచి పంట, పిల్లకు అంత మంచి సంబంధం అని నమ్ముతారు. తొమ్మిదో రోజు ఆ మొలకలను పంచుకుని, బుట్టలను తలకెత్తుకుని వాగులోనో చెరువులోనో నిమజ్జనం చేస్తారు.

ఆ తొమ్మిది రోజులూ తండా నడిబొడ్డున ఉన్న అలంకారం ఆ పచ్చని బుట్టలే. కొని తెచ్చింది ఏదీ లేదు. ఫెంగ్‌షుయ్ ఏ పుస్తకం తెరిచినా చెట్టు తత్వానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. నీరు చెట్టును పెంచింది, చెట్టు మళ్లీ నీటిని చేరింది. ఇంట్లో పిల్లలుంటే, పండుగ ఎవరిదైనా సరే, ఒక వెదురు గంపలో గోధుమలో పెసలో చల్లి రోజూ వాళ్లచేత నీళ్లు పోయించండి. వారంలో హాలుకు వచ్చే కళను ఏ గిఫ్టు షాపూ అమ్మలేదు.

జమ్మి, గుమ్మడి, వేప

దసరా సాయంత్రం తెలంగాణ ఊళ్లలో జమ్మి చెట్టుకు పూజ చేసి, ఆకు తెంపుకొచ్చి ‘బంగారం’ అని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతారు. తోటివాళ్లతో అలయ్‌బలయ్ తీసుకుంటారు. ఆకుపచ్చకూ సంపదకూ ముడిపెట్టడానికి మనం ఆగ్నేయ మూల వెతుక్కోనవసరం లేదని చెప్పే ఆచారమిది. కరువును తట్టుకుని లోతుకు వేళ్లు దించి నిలబడే చెట్టు జమ్మి. దాని ఆకు మేతకు పనికొస్తుంది. చెల్కల మీద బతికిన మనుషులు దేన్ని బంగారమనుకున్నారో ఆలోచిస్తే ఆ ఎంపిక ఎంత వివేకమైనదో తెలుస్తుంది. తెలంగాణ 2014లో జమ్మిని రాష్ట్ర వృక్షంగా, తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించుకుంది.

బతుకమ్మలో అందరి కన్నూ పూల మీదే ఉంటుంది. కానీ తాంబాళంలో మొదట పరిచేది గుమ్మడి ఆకులు. తంగేడు, గునుగు, బంతి వరుసలన్నీ ఆ పచ్చని పీట మీదే లేస్తాయి. బోనాల కుండకు వేపమండలు కడతారు. ఇంట్లో పిల్లలకు అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపకొమ్మ వేలాడదీసి, లోపల రోగి ఉన్నాడని వచ్చేవాళ్లకు తెలియజేస్తారు. పెండ్లికి పచ్చని పందిరి వేస్తారు, సీమంతానికి ఆకుపచ్చ గాజులు తొడుగుతారు. వాకిట్లో పెండనీళ్లతో సాన్పి చల్లితే నేల పచ్చబారి, దాని మీద తెల్లని ముగ్గు నిలుస్తుంది. పీర్ల పండుగకు పీర్లకు కట్టే దట్టీల్లో ఆకుపచ్చది ముందుంటుంది.  మతం ఏదైనా ఈ ప్రాంతం ఆకుపచ్చను దీవెనగానే తలకెత్తుకుంది.

వీటన్నిటిలో ఒక సంగతి గమనించాలి. తోరణం, మండ, సాన్పి, బతుకమ్మ, పందిరి ఏదీ శాశ్వతం కాదు. పండుగకో పూటకో కొత్తగా తెచ్చుకోవాల్సిందే. కొల్లాపూర్ తోటల మామిడి, బాలానగర్ గుట్టల సీతాఫలం, ఊరి చివర వేప బతికి ఉంటేనే ఇంటి గుమ్మం పచ్చగా ఉంటుంది. ఇంటి అలంకారానికీ ఊరి చెట్టుకూ ఉన్న ఈ బంధం ప్లాస్టిక్ తోరణంతో తెగిపోతోంది.

నూలుకెక్కిన పచ్చ

మొక్కలు పెంచే చోటు, తీరిక లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. అది చేనేత. సహజరంగుల కాలంలో ఆకుపచ్చ అద్దకం కష్టమైన పని. చెట్ల నుంచి ఎరుపు, పసుపు, నీలం నేరుగా దొరుకుతాయి. గట్టిగా నిలిచే పచ్చ మాత్రం అలా దొరకదు. పసుపురంగు ఎక్కించిన నూలును మళ్లీ నీలిమందులో ముంచాలి. నీలి తొట్టిలోంచి తీసిన నూలు మొదట పచ్చగా కనిపించి, గాలి తగలగానే నీలంగా మారుతుంది. కింద పసుపు ఉంటే అప్పుడు నిజమైన పచ్చ నిలబడుతుంది. ఇప్పుడు రసాయన రంగులు వచ్చి ఆ శ్రమ తగ్గింది. అయినా పోచంపల్లి ఇక్కత్‌లో నూలును కొలిచి, కట్లు కట్టి, రంగు రంగుకూ విప్పి మళ్లీ కట్టే ఓపిక అలాగే ఉంది.

పోచంపల్లి ఇక్కత్‌కు, నూలు ఒంటికి పట్టు అంచు కలిపే గద్వాల చీరకు, నారాయణపేట చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. పోచంపల్లి నేతగాళ్లు చీరలతో పాటు దుప్పట్లు, పరదా బట్టలు కూడా నేస్తారు. పడకగదిలో మొక్కలు ఎక్కువ పెట్టవద్దని ఫెంగ్‌షుయ్ చెబుతుంది. అక్కడ ముదురాకుపచ్చ ఇక్కత్ దుప్పటి, లేతాకుపచ్చ పరదా సరిపోతాయి. పాత గద్వాల చీర పచ్చ అంచును కత్తిరించి దిండు గలేబులకు కుట్టించుకున్నా అందమే. చేనేతకు పెట్టే డబ్బు మన జిల్లాల్లోని మగ్గం గుంతకే చేరుతుంది.

విషమైన పచ్చ

ఆకుపచ్చ రంగు వేయడంలో జాగ్రత్త కావాలని చరిత్ర నేర్పింది. స్వీడన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ షీలే 1775లో రాగి, ఆర్సెనిక్ కలిపి మెరిసే పచ్చరంగు తయారు చేశాడు. పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్ ఇండ్ల గోడకాగితాలు, బట్టలు, ఆటబొమ్మలు దానితోనూ, ఆ తరువాత వచ్చిన అలాంటి రంగులతోనూ నిండిపోయాయి. గోడలు చెమ్మబారిన గదుల్లో మనుషులు జబ్బుపడ్డారు. చెట్టు లేని పచ్చను గోడ మీదికి తెచ్చుకోవాలన్న ఆత్రం అంత పని చేసింది.

మన పాత దర్వాజలకు, కిటికీలకు వేసిన పచ్చ ఎనామెల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇండ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అందుకని తాతల నాటి తలుపును గీకి కొత్త రంగు వేయించేటప్పుడు పొడిగా గీకనివ్వకండి. తడిపి గీకించండి, పిల్లలను దూరంగా ఉంచండి, రాలిన పెచ్చులను ఏరించి కట్టేయించండి. కొత్త డబ్బా మీద సీసం గురించి ఏం రాశారో చదివి కొనండి.

మొక్కల విషయంలోనూ అతి నమ్మకాలు వద్దు. లక్కీ బాంబూ వెదురు జాతి కాదు. అది మధ్య ఆఫ్రికాకు చెందిన డ్రసీనా. మనీప్లాంట్ పసిఫిక్ సముద్రంలోని మూరియా దీవి నుంచి లోకమంతా పాకింది. దాని ఆకు నమిలితే పిల్లలకు నోరు మండుతుంది. సీసాలో పెంచితే వారానికోసారైనా నీళ్లు మార్చాలి, లేకుంటే దోమలు గుడ్లు పెడతాయి. ఇంట్లో మొక్కలు గాలిని శుద్ధి చేస్తాయన్న ప్రచారం 1989లో నాసా కోసం మూసిన పెట్టెల్లో చేసిన ప్రయోగం నుంచి పుట్టింది. 2019లో వచ్చిన సమీక్ష, కిటికీ తెరిస్తే కలిగే మేలుకు సాటి రావాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని లెక్కగట్టింది.

మరి పచ్చదనం వల్ల మేలే లేదా అంటే ఉంది. రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో 1972 నుంచి 1981 వరకు పిత్తాశయ ఆపరేషన్ చేయించుకున్న 46 మంది వివరాలను పోల్చి చూశాడు. సగం మందికి కిటికీలోంచి చెట్లు కనిపించాయి, సగం మందికి ఇటుక గోడ కనిపించింది. చెట్లు చూసినవాళ్లు త్వరగా ఇంటికెళ్లారు, బలమైన నొప్పి మందులు తక్కువ వాడారు. 1984లో ఇది అచ్చయింది. మంచాన పడ్డ పెద్దవాళ్లున్న ఇండ్లలో మంచాన్ని చెట్టు కనిపించే కిటికీ వైపు తిప్పడానికి పైసా ఖర్చు లేదు.

పిల్లలమర్రి నేర్పింది

మహబూబ్‌నగర్ పట్టణానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న పిల్లలమర్రి ఏడు వందల ఏళ్లదని చెబుతారు. ఊడలు దిగి దిగి సుమారు మూడెకరాలు పరుచుకుంది. 2017 డిసెంబరులో దాని పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడింది. చెదలు లోపల తినేశాయని తేలింది. సందర్శకులను ఆపారు. 2018లో మందు కలిపిన నీటిని సెలైన్ సీసాల్లో నింపి చుక్క చుక్కగా చెట్టులోకి ఎక్కించారు. బరువైన కొమ్మలకు కింద సిమెంటు దిమ్మెలు ఆసరా ఇచ్చారు. లేత ఊడలు నేలను చేరేదాకా పైపుల్లో దింపారు. చెట్టు కోలుకుంది.

ఎన్నో తరాలను చూసిన చెట్టుకే అంత సేవ కావాల్సి వచ్చింది. పచ్చదనం ఒకసారి పెట్టి మరిచిపోయే వస్తువు అనుకుంటే ఊరూ నష్టపోతుంది, ఇల్లూ నష్టపోతుంది. తొందరగా పచ్చబడుతుందని రోడ్ల మధ్య, వెంచర్లలో కోనోకార్పస్ అనే చెట్టును విరివిగా నాటిన అనుభవం ఉంది. తర్వాత దాన్ని నాటవద్దని రాష్ట్ర ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. అదే చోట కానుగ, వేప, జమ్మి నాటి ఉంటే నాలుగేళ్లు ఆలస్యమయ్యేది గానీ తరాలకు నీడ మిగిలేది.

ఏ చోటుకు ఏ పచ్చ

బయట: పడమర, దక్షిణాల్లో వేప, కానుగ. పునాదికి దూరంగా నాటాలి. రావి, మర్రి గోడ పగుళ్లలో మొలిస్తే చిన్నప్పుడే తీసి ఖాళీ జాగాలో నాటాలి. బయటి గోడలకు ముదురు పచ్చ వేస్తే ఎండను పీల్చుకుంటుంది, లేత రంగులే మంచివి.

గుమ్మం: పండుగకు పచ్చి మామిడాకు. ఎండగానే తీసి ఎరువుగుంతలో వేయాలి.

హాలు: మన ఎండ వెలుగుకు నాలుగు గోడలూ పచ్చగా ఉంటే మనుషుల ముఖాలు కూడా పచ్చబారి కనిపిస్తాయి. తూర్పున ఒక్క గోడకు లేతాకు రంగు, మిగతా వాటికి సున్నపు తెలుపు చాలు.

చదువుకునే చోటు: మనిషి కన్ను పగటి వెలుతురులో ఎక్కువగా పట్టుకునేది 555 నానోమీటర్ల దగ్గరి పచ్చ కాంతినే. కిటికీ బయట చెట్టు కనిపించేలా బల్ల వేస్తే, పుస్తకం మీంచి చూపు అప్పుడప్పుడు దూరానికి మళ్లుతుంది.

నీళ్లు: బియ్యం కడిగినవి, కూరగాయలు కడిగినవి కుండీలకు పోయాలి. ఫ్లోరైడ్ నీళ్లతో నల్లగొండ పడ్డ బాధ తెలిసినవాళ్లం, చుక్క నీటి విలువ మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి పచ్చబడింది. జూరాల, కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ నీళ్లతో పాలమూరులోనూ చాలాచోట్ల చెల్కలు తడిశాయి. నీళ్లు లేని రోజుల్లో కూడా తులసిని, తోరణాన్ని, తీజ్ బుట్టను బతికించుకున్న ఇండ్లు మనవి. నీళ్లు వచ్చిన రోజుల్లో ప్లాస్టిక్‌కు మారడం న్యాయం కాదు. కొత్తిల్లు కట్టుకుంటున్న ప్రతి కుటుంబం ఈ వానాకాలం ఒక జమ్మి మొక్కో వేప మొక్కో నాటి, దానికి నీళ్లు పోసే పని ఇంట్లో ఒకరికి పేరు పెట్టి అప్పగించాలి. గృహప్రవేశానికి వెళ్లేవాళ్లు గాజు గిన్నె బదులు ఆ మొక్కనే పట్టుకెళ్లాలి. ఇంటికి పచ్చదనం వల్ల మేలు జరుగుతుందని ఫెంగ్‌షుయ్ చెప్పినా, అవ్వ చెప్పినా, ఆ మేలు రోజూ నీళ్లు పోసే ఇంటికే దక్కుతుంది.